వంతుల ఊపిరి

చెల్లెలు పొద్దున్నే ఎనిమిదింటికి డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళిపోయేది. తొమ్మిదింటికి అక్క ముందుగది తలుపులు బార్లా తీసి, బల్ల మీద దీపం వేసుకుని, ఊదే వాయిద్యాలకి మరమ్మతులు చేస్తూ కూర్చునేది. క్లారినెట్లు, శాక్సోఫోన్లు, పిల్లలు బళ్ళో కింద పడేసిన ఫ్లూట్లు. ఇద్దరూ కవలలు. నలభై ఏడేళ్ళవాళ్ళు. అక్క పెద్దరికం నాలుగంటే నాలుగు నిమిషాలే అయినా, అందులో ఒక్క సెకను కూడా ఆవిడ ఏనాడూ వదులుకోలేదు.

పుట్టినప్పటినుంచీ వాళ్ళది వంతుల ఊపిరి. ఒకరు పీలిస్తే ఇంకొకరు వదలాలి. ఒకే మంచం మీద ఉన్నా, ఊరికి ఆ చివరా ఈ చివరా ఉన్నా అంతే. మాట కూడా ఊపిరి మీదే నడిచేది కదా, అందుకని ఇద్దరూ ఒకేసారి మాట్లాడటమన్నది ఎప్పుడూ జరగలేదు. నవ్వినా వంతులే. పోట్లాడుకున్నా, ఒకరి తిట్టు పూర్తయ్యేదాకా రెండోవాళ్ళు నోరు మూసుకుని ఆగాల్సిందే. పక్కింటావిడ గోడ మీద చేతులు ఆనించి వినేది.

"మీ ఇంట్లో గొడవైతే ఒక్క ముక్క పొల్లుపోదమ్మా. మా ఇంట్లో ఎవడేమంటున్నాడో ఆ దేవుడికే తెలియాలి" అనేది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే ఆయన చెల్లెల్ని నిలబెట్టి, "పీల్చి పట్టుకోండి" అనే ముందు తనే అక్కకి ఫోను చేసేవాడు. "ఒక్క పది సెకన్లు వదిలేసి ఉండండమ్మా, అయిపోతుంది" అని.

చెల్లెలి ఉద్యోగం పక్క సీట్లో కూర్చుని రెండో బ్రేకు మీద కాలు పెట్టి ఉండటం. శిష్యులు ఆవిడని బ్రేకు మేడం అనేవాళ్ళు. ఎవడైనా లారీకి ఎదురెళ్తే ఆవిడ గుండెల నిండా గాలి లాగి, బ్రేకు తొక్కి, హమ్మయ్య అని వదిలేది. ఆ వదిలిన క్షణంలో ఇక్కడ అక్క ఊదుతున్న స్వరం టక్కున తెగిపోయేది. "ఎవడో గండం గట్టెక్కాడు" అనుకుంటూ అక్క మళ్ళీ మొదటికి వచ్చేది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తల ఊపేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఊరి వాద్యబృందాన్ని నడిపే మాస్టారు పాత శాక్సోఫోన్ ఒకటి బాగుచేయించుకోవడానికి వచ్చాడు. అక్క మీటల కింద అరిగిపోయిన తోలు బిళ్ళలు మార్చి, నాలుగు స్వరాలు ఊది చూపించింది. మాస్టారు ముందుకి వంగి విన్నాడు.

"మా శాక్సోఫోనాయన మానేశాడమ్మా" అన్నాడు. "ఆ కుర్చీలో మీరొచ్చి కూర్చోకూడదూ? ముప్ఫై ఏళ్ళుగా వీటి రోగాలన్నీ కుదురుస్తున్నారు. మీకు రాని స్వరముందా?"

"స్వరాలన్నీ వచ్చు మాస్టారూ. ఊపిరే నా చేతిలో లేదు. పాట మంచి పట్టులో ఉండగా మా చెల్లెలు తుమ్మిందనుకోండి, అంతే సంగతులు."

"ఎండలు ముదిరేలోపల ఎవరినో ఒకరిని చూసుకోవాలి. అప్పటిదాకా ఖాళీగానే ఉంచుతాను."

"ఉంచకండి" అంది అక్క నవ్వుతూ. ఆయన వెళ్ళాక చాలాసేపు బల్ల ముందు ఊరికే కూర్చుంది. ఒక్క నిట్టూర్పు విడిచింది. అది ఎంత పొడుగ్గా సాగిందంటే, ఊరవతల ఎర్రదీపం దగ్గర ఆగిన చెల్లెలికి గాలి పీల్చి పీల్చి పక్కటెముకలు నొప్పెట్టాయి.

ఆ తర్వాత నెల తిరక్కుండా ఇంటికి రెండు చెక్కపెట్టెలు వచ్చాయి. అక్కే సంతకం పెట్టి దింపించుకుంది. సాయంత్రం చెల్లెలు వచ్చి మూతలు ఊడదీస్తే, లోపల గడ్డిలో రెండు ఇనప నత్తగుల్లలు, చేతి మందాన వంకర గొట్టాలు, పట్టీలు, సంచుల కొద్దీ బోల్టులు.

"ఏమిటే ఇవి?"

"టర్బోలు. జంట టర్బోలు. మన కారుకి బిగిద్దాం."

కారంటే షెడ్డులో ఉన్న ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, వెనక్కి మడిచే టాపు. రోజంతా బ్రేకు తొక్కే మనిషికి ఆదివారమైనా ఆక్సిలరేటర్ తొక్కాలని ఉండదా అని, రెండేళ్ళ కిందట చెల్లెలు పాతది కొనుక్కుంది.

"బిగించేదెవరు?"

"మనిద్దరమే."

"అది బాగానే పరిగెడుతోందిగా?"

"పరిగెడుతోంది."

"మరింకేం?"

చెల్లెలు ఒక నత్తగుల్లని ఎత్తి, లోపలున్న చిన్న చక్రాన్ని వేలితో తిప్పి చూపించింది. "మామూలుగా ఇంజిన్ తన గాలి తనే పీల్చుకోవాలక్కా. ఇవుంటే ఆ అవసరం లేదు. బయటికి పోయే పొగే ఈ చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగి, గాలిని లోపలికి తోసేస్తుంది."

"పీల్చుకుంటే దానికొచ్చిన కష్టమేమిటి?"

చెల్లెలు బోల్టులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. అక్కకి ఏమీ పాలుపోలేదు. వయసు మీదపడే వేళ మతి తప్పిందా అనుకుంది. అయినా మర్నాడు పొద్దున పాత చొక్కా తొడుక్కుని షెడ్డులోకి తనే ముందు వెళ్ళింది. ఆ నాలుగు నిమిషాల పెద్దరికం ఉందిగా.

చెల్లెలు మూడు వారాలు సెలవు పెట్టింది. కారుని జాకీలతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టారు. ముందు బంపరు ఊడదీశారు. పొగగొట్టాల నట్లు తుప్పు పట్టి చచ్చినా కదల్లేదు. నూనె కొట్టి, సెగ చూపించి, బతిమాలి, తిట్టి, ఒక్కొక్కటీ విప్పేసరికి నాలుగు రోజులు పట్టింది. కాగితాల కట్ట ఒకటి పెట్టెతో వచ్చింది గానీ, అది చదివినకొద్దీ ఉన్న తెలివి కూడా పోయేట్టుంది. ఒక రోజంతా చెమటోడ్చి ఎడమ టర్బో బిగిస్తే, దాని గొట్టం వెళ్ళి బ్యాటరీకి కొట్టుకుంది.

"ఇది కుడివైపు కదా" అంది చెల్లెలు.

"ఎడమ అని రాసుంది. నేను ఎడమవైపే బిగించాను."

"ఎవరి ఎడమ?"

"నా ఎడమ."

"నువ్వు కారుకి ఎదురుగా నిలబడ్డావక్కా. కారు ఎడమ చూడాలి."

"కారుకి ఎడమా కుడీ ఏమిటే? అది అన్నం తింటుందా, చేయి కడుక్కుంటుందా?"

మళ్ళీ అంతా విప్పారు. సరిగ్గా బిగించాక నాలుగు వాషర్లు మిగిలాయి. అవెక్కడివో కాగితాల్లో ఎక్కడా లేదు. ఇద్దరూ వాటిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఉండాల్సినవా, పొరపాటున వచ్చినవా తేలక సీసాలో వేసి మూతపెట్టారు. ఇంజిన్లోంచి టర్బోలకి నూనె వెళ్ళే సన్నగొట్టాలు, తిరిగొచ్చే లావుగొట్టాలు కలిపారు. గాలిని చల్లబరిచే రేకుల డబ్బాని ముందువైపు పెట్టారు.

ఆ తర్వాత ఎక్కడో గాలి కారడం మొదలైంది. గొట్టాల నోళ్ళు మూసి పంపుతో గాలి ఎక్కిస్తే, పంపు మీది ముల్లు నిమిషంలో దిగిపోతోంది. చెల్లెలు సబ్బునీళ్ళు రాసి బుడగల కోసం పొద్దుట్నుంచీ వెతికింది. కనబడలేదు. అక్క వచ్చి, తన బల్ల మీది రబ్బరుగొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివరతో అతుకుల వెంట మెల్లగా వింటూ పోయింది. మూడో పట్టీ దగ్గర ఆగింది.

"ఇక్కడ. రబ్బరు కాస్త మడతపడింది. వినబడటం లేదూ?"

"నాకేం వినబడటం లేదు."

"ముప్ఫై ఏళ్ళు శాక్సోఫోన్ల రొద విను, నీకూ వినబడుతుంది."

శనివారం ఒకాయన లాప్‌టాప్‌తో వచ్చి, ఇంజిన్ కంప్యూటర్‌కి కొత్త లెక్కలు ఎక్కించి, వంగి అటూ ఇటూ చూసి, "బిగించింది ఎవరండీ?" అని అడిగాడు. "మేమే" అంది చెల్లెలు. ఆయన పెదవి విరవబోయి, మళ్ళీ చూసి, మానుకున్నాడు.

ఆదివారం పొద్దున కారు తీశారు. ఊరు దాటాక కొండ ఎక్కే దారి ఉంది. వెడల్పుగా, ఖాళీగా ఉంటుంది. చెల్లెలు దారి మొదట్లో కారు ఆపి టాపు మడిచింది. బోల్టులు విప్పే పానాల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అక్క ఇంక ఉండబట్టలేకపోయింది.

"ఇప్పుడైనా చెప్తావా, ఎందుకిదంతా?"

"పోయిన ఏడాది ఒకసారి టాపు తీసి వేగంగా పోతుంటే, గాలి దానంతటదే నోట్లోకి వచ్చి పడింది. నేను పీల్చలేదక్కా. పది పన్నెండు సెకన్లు అలా నిండుతూనే ఉంది. ఆ సాయంత్రం నువ్వు అన్నావు. ఈవేళ ఒక స్వరం తెగకుండా సాగిందే, ఎందుకో అర్థం కాలేదు అని."

"అన్నానేమో. అయితే?"

"గాలి ఇంకా గట్టిగా తోస్తే ఏమవుతుందో చూద్దామని."

అక్క చెల్లెలివైపు తిరిగింది. "మాస్టారు నీకు చెప్పారా?"

"నా దగ్గరే కదా కారు నేర్చుకుంటున్నారు. క్లచ్ వదలడం చెప్తుంటే ఆయన ఇది చెప్పారు."

"పాట కోసం కారు విప్పుకునేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదమ్మా."

"బెల్టు పెట్టుకో" అంది చెల్లెలు.

రెండో గేరులో కారు మామూలుగానే ఎక్కింది. మూడో గేరు వేసి చెల్లెలు ఆక్సిలరేటర్ నొక్కింది. మొదట ఏమీ కాలేదు. ఆ తర్వాత ముందునుంచి సన్నని ఈల ఒకటి లేచింది. దాని పక్కనే ఇంకొకటి. "రెండూ ఒకే శ్రుతిలో ఉన్నాయే" అనుకుంది అక్క. ఒత్తిడి చూపే ముల్లు లేచి కుడివైపు వాలింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. దారి రెండువైపులా చెట్లు గీతలైపోయాయి. చెల్లెలి గుండెల్లోకి గాలి తోసుకొచ్చింది. అక్క అలవాటుగా వదలబోయింది. వదలడం అవలేదు. ఆవిడ గుండెల్లోకి కూడా గాలి వస్తోంది.

ఇద్దరికీ ఒకేసారి.

మలుపు ముందు చెల్లెలు కాలు తీసింది. కారు ఫుస్సుమని గాలి వదిలింది. ఇద్దరూ దాంతోపాటే వదిలారు. దారిపక్కన కారు ఆపి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి ఏదో అన్నారు. రెండు మాటలూ గాల్లో ఢీకొన్నాయి. ఎవరిదీ ఎవరికీ వినబడలేదు.

"నువ్వేమన్నావు?" అన్నారు ఇద్దరూ.

మళ్ళీ ఢీకొన్నాయి. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు కూడా ఒకేసారి వచ్చేసరికి భయం వేసి ఇద్దరూ ఒకేసారి ఆపేశారు. చెల్లెలు తాళంచెవి తిప్పబోయింది.

"ఆపకు. టర్బోలు చల్లబడాలి. రెండు నిమిషాలు తిరగనివ్వమని రాశారుగా" అంది అక్క. మొదట వాళ్ళు అన్నదేమిటో తర్వాత ఎంత ఆలోచించినా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ వారమంతా ఇల్లు తికమకగా గడిచింది. "నువ్వు చెప్పు" అంటే "కాదు, నువ్వే చెప్పు" అనుకుంటూ మాటల గుమ్మంలో ఇరుక్కుపోయేవాళ్ళు. పోట్లాట మొదలైతే రెండు గొంతులూ కలగాపులగమయ్యేవి. "ఏమిటమ్మా ఇది, మీరు కూడా మా ఇంట్లోవాళ్ళలా తయారయ్యారు" అని పక్కింటావిడ నొచ్చుకుని, గోడ దగ్గరికి రావడం మానేసింది. అక్క బల్ల దగ్గర శాక్సోఫోన్ ఊదితే స్వరం సాగుతూనే ఉండేది. తెగుతుందేమోనని ఎదురుచూసేది. అది తెగేది కాదు. చివరికి ఆవిడే కంగారుపడి ఆపేసేది. గడియారం చూసేది. చెల్లెలు ఇప్పుడు ఏ వీధిలో ఉందో, భయపడిందో, విసుక్కుందో, ఏమీ తెలిసేది కాదు. నలభై ఏడేళ్ళలో మొదటిసారి తన ఛాతీలో ఆవిడ ఒక్కతే ఉంది. బాగుందో లేదో తేల్చుకోలేకపోయింది. అలా తేల్చుకోకుండానే మాస్టారికి ఫోను చేసి, వస్తానని చెప్పింది.

గురువారం మధ్యాహ్నం చెల్లెలే కారులో తీసుకెళ్ళి వాద్యబృందం వాళ్ళ హాలు ముందు దింపింది. తను లోపలికి రానంది. "నేనుంటే నీ చూపంతా నా మీదే ఉంటుంది."

అక్క తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. మందపాటి గోడలు, అన్నీ మూసిన కిటికీలు. లోపలినుంచి ఏమీ వినబడలేదు. చెల్లెలు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. తన ఊపిరిని ఆనవాలు పట్టడానికి ప్రయత్నించింది. మామూలుగా అయితే ఈపాటికి తెలిసిపోయేది. గాలి తడబడితే అక్క బెదిరిందని, నిదానంగా ఉంటే కుదుటపడిందని. ఇప్పుడు లోపలికీ బయటికీ పోతున్నది తన గాలి, అంతే. అందులో కబురేమీ లేదు. ఇరవై నిమిషాలైంది. అరగంటైంది. కారు దిగి, మళ్ళీ ఎక్కి కూర్చుంది. తప్పు చేశానా అనుకుంది.

మూడు కొట్టాక తలుపు తెరుచుకుంది. అక్క మెట్లు దిగి వచ్చి, వాయిద్యం పెట్టె సీటు వెనక పెట్టి, పక్కన కూర్చుంది. చెల్లెలు ఆ మొహంలోకి చూసింది. రోజూ చూసే మొహమే. అయినా అందులో ఏముందో చదవడం రాలేదు.

"ఏమైందక్కా?" అంది.

ఆ మాట అక్కని అడగడం అదే మొదటిసారి. అక్క కూడా తెల్లబోయి చూసింది. తనకేమైందో చెల్లెలికి నోటితో చెప్పాల్సిన పని ఇంతవరకూ పడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి ముందునుంచే మొదలుపెట్టింది.

"తలుపు తోశానా, లోపల పద్నాలుగు మంది ఉన్నారే. అందరూ నావైపే చూశారు. కుర్చీ కాస్త ఎత్తుగా ఉంది. కాళ్ళు సరిగ్గా ఆనలేదు..."

చెల్లెలు తాళంచెవి మీదినుంచి చేయి తీసేసి, అక్కవైపు తిరిగి కూర్చుంది. మాస్టారు ఏ పాట ఇచ్చాడో, పక్కనున్న క్లారినెట్ ఆయన ఎలా కళ్ళెగరేశాడో, మొదటి పొడుగు స్వరం ఎంతసేపు సాగిందో, అక్క ఒక్కటీ వదలకుండా చెప్పుకుంటూ వచ్చింది. మధ్యమధ్యలో చెల్లెలు "అప్పుడూ?" అంటూ ఉంది. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి రమ్మన్నారన్న సంగతికి వచ్చేసరికి హాల్లోవాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళిపోయారు.