గోడ వైపు చూపు

మంట అంటుకోని ఆ రేసు సూటును వాసన నీళ్ళలో ముంచకూడదు. ముంచితే గుడ్డ మెత్తబడుతుంది, కమ్మటి వాసనా వస్తుంది, కానీ నిప్పును ఆపే గుణం తగ్గిపోతుంది. ఈ సంగతి ఒర్నెల్లాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ప్రతి రేసు తర్వాతి సోమవారం పొద్దున, కూతురు వియోలా సూటును తొట్టిలో వేసి చన్నీళ్ళు పట్టగానే, అత్తగారు ఇవానా ఆ వాసన నీళ్ళ నీలం సీసా పట్టుకుని వెనకే వచ్చి నిలబడేది. "పదిహేనేళ్ళ పిల్ల ఒంటిమీద గుడ్డ అట్టలా ఉంటే ఎలాగమ్మా? ఒక్క మూత పోస్తే నీ సొమ్మేం పోయింది?" అనేది. ఒర్నెల్లా ఆ సీసా అందుకుని పై అరలో పెట్టేసేది. పెట్టాక కూడా నీళ్ళు వాసన చూసేది, తనకు తెలియకుండా తన చెయ్యే పోసేసిందేమోనని. పోసి ఉంటే, ఆ తర్వాత ఎప్పుడో కారు అంటుకుంటే... అక్కడికి ఆలోచన తెంపేసి సూటును గబగబా జాడించేది.

ఇంటిల్లిపాదీ ఆమెకు పిరికిదని పేరు పెట్టారు. ఏప్రిల్‌లో మిజానో ట్రాక్‌లో పిల్లల కార్ల రేసుల సీజన్ మొదలైనప్పుడు జట్టువాళ్ళు లోపలికి వెళ్ళడానికి కుటుంబానికి రెండే పాసులు ఇచ్చారు. ఒకటి భర్త టిజియానో మెడలో పడింది. రెండోది ఆమె తమ్ముడు దారియో మెడలో. "వాడు కార్టు రేసుల్లో ఛాంపియన్. పిల్లకు సలహా చెప్పేవాడు లోపల ఉండాలి కదా. నీ మొహం చూస్తే వియోలా బెదిరిపోతుంది" అన్నాడు టిజియానో. అందుకని ఒర్నెల్లా క్యాంపర్ బండిలో అందరికీ వండిపెట్టి, గిన్నెలు కడిగి, టిక్కెట్టు కొనుక్కుని కంచె బయట జనంలో నిలబడేది. జేబులో తండ్రి స్టాప్‌వాచ్ ఉండేది.

ఆ గడియారానికి తెలిసిన కథ ఇంకెవరికీ గుర్తులేదనుకునేది. గార్దా సరస్సు పక్కన ఆమె తండ్రికి నేలబారు చిన్న రేసు బండ్లు నడిపే కార్టు ట్రాక్ ఉండేది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు, దారియోకు పద్నాలుగు. ఒకే కార్టు, అవే టైర్లు. ఒక్క చుట్టులో ఆమె తమ్ముడికన్నా సెకనులో నాలుగు పదోవంతులు ముందుంది. తండ్రి గడియారం చూశాడు, చొక్కాకు తుడిచాడు, జేబులో వేసుకున్నాడు. ఆ ఏడాది పోటీలకు దారియోను పంపాడు. "నువ్వు అమ్మకు సాయంగా ఉండు తల్లీ. తమ్ముడి సూటు నీ చేత్తో ఉతికితేనే తెల్లగా ఉంటుంది" అన్నాడు. ఆమె ఉతికింది. గెలిచిన దారియో ఫోటో ట్రాక్ ఆఫీసు గోడమీద ఇప్పటికీ ఉంది. అందులోని సూటు నిజంగానే చాలా తెల్లగా ఉంది.

మిజానోలో వియోలా ఏడో స్థానంలో వచ్చింది. జనం టిజియానోను కౌగలించుకున్నారు, దారియో వీపు తట్టారు. తండ్రి పట్టుదలన్నారు, మావయ్య రక్తమన్నారు. ఒర్నెల్లా కూతురి బుగ్గలు ముద్దుపెట్టుకుని, "నా ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నానే" అంది. అది అబద్ధం కాదు. కారు ఆమె ముందునుంచి పోయిన ప్రతిసారీ ఆమె ఊహలో కూతురి శవపేటికను చూసింది, దాని రంగు కూడా చూసింది. కానీ ఆ భయం కింద ఇంకొకటి ఉంది. నా కాళ్ళు ఉండాల్సిన చోట దాని కాళ్ళున్నాయి, నా నడుముకు బిగించాల్సిన బెల్టు దాని నడుముకు బిగించారు, అనే మంట. భయమంటే అందరూ అయ్యో అంటారు. ఆడపిల్ల తల్లి కూతుర్ని చూసి కుళ్ళుకుంటోందంటే ఎవరు నమ్ముతారు? కాబట్టి ఒర్నెల్లా దానికి కూడా భయమనే పేరు పెట్టింది. తనకు తాను చెప్పుకునేటప్పుడు కూడా అదే పేరు.

జూన్‌లో వల్లెలుంగా ట్రాక్‌లో వియోలా కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. మణికట్టు వాచింది, అంతే. కానీ ఆ తర్వాతి రేసులో కంచె దగ్గర నిలబడ్డ ఒర్నెల్లాకు ఒకటి కనిపించింది. పెద్ద మలుపు రాగానే కూతురి హెల్మెట్ రవ్వంత బయటికి తిరుగుతోంది, గోడ వైపు. చూపు ఎటుపోతే కారు అటు లాగుతుంది, అప్పుడు ఆక్సిలరేటర్ మీది కాలు దానంతటదే పైకి లేస్తుంది. లోపల కంప్యూటర్ తెరల ముందు కూర్చున్నవాళ్ళు, "కాలు ఎత్తుతున్నావు, ఎత్తకు" అని పిల్లను సాధిస్తున్నారు. తెరల్లో కాలు కనిపిస్తుంది, కళ్ళు కనిపించవు. కళ్ళ సంగతి ఒర్నెల్లాకు తెలుసు. చిన్నప్పుడు తనూ ఒకసారి గోడను కొట్టి, నెల రోజులు గోడనే చూసి, ఎవరూ చెప్పకుండానే చూపు మళ్ళించుకుంది.

కానీ కూతురికి చెప్పలేదు. చెబితే ఆ ధైర్యంతో వెళ్ళి మళ్ళీ గుద్దుకుంటే, ఆ పాపం నాదే కదా అనుకుంది. వియోలా పన్నెండో స్థానానికి, పదిహేనుకు, ఇరవైకి జారింది. ఆగస్టులో ఒకరోజు వంటింట్లో ఒర్నెల్లా టమాటాలు తరుగుతుంటే వియోలా తలుపుకు ఆనుకుని చాలాసేపు చూసి, "అమ్మా, ఈమధ్య నువ్వు కూనిరాగాలు తీస్తున్నావు తెలుసా?" అంది. ఒర్నెల్లా కత్తి ఆగిపోయింది.

అక్టోబరులో మోంజాలో ఆఖరి పోటీ. ఆదివారం మొదటి పదిమందిలో రాకపోతే వచ్చే ఏడాది ఆ సీటు వేరే పిల్లవాడికి ఇస్తామని జట్టు యజమాని చెప్పేశాడు. శనివారం అర్హత పరుగులో వియోలాకు పద్దెనిమిదో చోటు దక్కింది. మధ్యాహ్నం క్యాంపర్‌లో ఒర్నెల్లా రిసోత్తో అన్నం వడ్డిస్తోంది.

"కారులో లోపమేం లేదు బావా," అన్నాడు దారియో చీజు తురుముకుంటూ. "గుండెలో ఉంది లోపం. మా అక్క పోలిక. పిరికి రక్తం."

"ఒరే, తినేటప్పుడు ఎందుకురా," అన్నాడు టిజియానో, కానీ నవ్వాడు.

వియోలా తల్లి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నిజమేనా, నీ నుంచే వచ్చిందా అని అడుగుతున్నట్టుంది. ఒర్నెల్లా గరిటె గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుని కూర్చుంది. ఆ సీజన్ మొత్తంలో ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నువ్వు గోడను చూస్తున్నావే పిల్లా. పరాబొలికా మలుపులో తల బయటికి తిప్పుతున్నావు. కాలు గురించి మర్చిపో. మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూడు, ఇంకా కనిపించకపోయినా అటే చూడు. కాలు దాని పని అది చూసుకుంటుంది."

"అక్కా, నీకెందుకు ఇవన్నీ..."

"నాలుగు పదోవంతులురా దారియో. మర్చిపోయావా?"

దారియో చీజు తురమడం ఆపి పళ్ళెంలోకి చూశాడు. మర్చిపోలేదు.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అంది వియోలా.

"జూలై నుంచి."

"మూడు నెలలు! మరి ఎందుకు చెప్పలేదు?"

"భయపడి ఉంటుందిలేరా తల్లీ, మీ అమ్మ సంగతి తెలిసిందే కదా," అని టిజియానో అందుకున్నాడు. తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. ఒర్నెల్లా ఊఁ అంటే చాలు.

"కాదు. నిన్ను చూసి కుళ్ళుకున్నాను," అంది.

వియోలా లేచి బయటికి వెళ్ళిపోయింది. మర్నాడు బూట్ల తాళ్ళు కట్టించుకోవడానికి కూడా తల్లి దగ్గరికి రాలేదు.

ఆదివారం ఒర్నెల్లా పరాబొలికా మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడింది. శవపేటిక ఎప్పటిలాగే కనిపించింది. మొదటి చుట్టులో హెల్మెట్ బయటికే తిరిగింది. రెండో చుట్టులోనూ అంతే. మూడో చుట్టులో లోపలికి తిరిగింది. ఇంజిను మోత ఎక్కడా తెగకుండా మలుపు చుట్టి పోయింది. ఒర్నెల్లా కడుపులో మంట లేచింది. ఈసారి ఆమె దాన్ని భయమనలేదు. అలాగే మండనిచ్చి, కళ్ళు తెరిచి, చివరి చుట్టుదాకా చూసింది.

వియోలా తొమ్మిదో స్థానంలో వచ్చింది. అందరూ టిజియానోను కౌగలించుకుంటుండగా, చెమటతో తడిసిన జుట్టుతో కంచె దాకా నడిచొచ్చింది.

"కాలు ఎత్తలేదు," అంది, ముభావంగానే.

"విన్నాను," అంది ఒర్నెల్లా.

సోమవారం పొద్దున తొట్టి ఖాళీగా ఉంది. సూటు సంచిలోనే ఉంది. అత్తగారు నీలం సీసాతో వచ్చి అటూ ఇటూ చూసింది. "ఇంకా నానబెట్టలేదేమిటి?"

"ఈసారి మీ అబ్బాయి ఉతుకుతాడు. ఆ సీసా ఆయనకు అందకుండా పెట్టండి," అంది ఒర్నెల్లా. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటోంది, ఎత్తు మడమలు లేని పాతవి. స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని కారు తాళాలు తీసుకుంది.

"పొద్దున్నే ఎక్కడికి?"

"నాన్న ట్రాక్‌కి. ఈ ముప్పై ఏళ్ళలో ఎంత నెమ్మదించానో చూసుకుని వస్తాను."