చుక్కానికి ఆఖరి పూత

ఇంకా అంటుకుంటూనే ఉంది పాడుది, నిన్న సాయంత్రం వేసిన పూత ఈ రోజు మధ్యాహ్నానికి కూడా ఆరకపోతే దాన్ని పూత అంటారా బంక అంటారా, అనుకుంటూ ఆమె చిటికెనవేలి వెనకవైపుతో చుక్కానిని మళ్లీ తాకి చూసింది, గోరు దగ్గర చల్లగా పట్టి వదిలింది, వెనకవైపుతోనే తాకాలి, ముందువైపుతో తాకితే ముద్ర పడుతుంది, ఈ ముక్క ఇంట్లో ఎవరికి ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే, పొద్దున కోడలు వచ్చి అత్తయ్యా ఆరిందా అంటూ బొటనవేలు నిండుగా అద్ది వెళ్లింది, అడగడానికి నోరుంది కదా తల్లీ వేలెందుకు అంటే, నోటితో అడిగితే కసురుతారు అత్తయ్యా, వేలిని కసరరు కదా అని నవ్వుకుంటూ పోయింది, ఇప్పుడా వేలిముద్ర తెల్లటి జెల్‌కోట్ నడిమధ్యన దస్తావేజు మీద నిశానీలా కూర్చుంది, దానికి తోడు ఒక ఈగ, ఇంత పెద్ద రేకుల షెడ్డులో వాలడానికి ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా అక్కడే వాలి, ఆరు కాళ్లూ ఇరుక్కుపోయి, రెక్కలు కొట్టుకుని కొట్టుకుని ఇందాకే ఊరుకుంది, నీకు ఇలాగే కావాలే అనుకుంది ఈగతో, వెంటనే పాపం అనిపించింది, అయినా జాలి పడే తీరిక కూడా లేదు, రేపు పొద్దున్నే పడవాయన వచ్చి కూర్చుంటాడు.

మనిషెత్తు చుక్కాని, మూడు టేకు పలకలు అతికి చెక్కినది, దాని మీద గాజుపీచు బట్ట, బట్ట మీద రెజిన్ జిగురు, రెజిన్ మీద ఈ తెల్ల జెల్‌కోట్, నీళ్లు లోపలికి పోకుండా చెక్కకు తొడిగే గట్టి చొక్కా అన్నమాట, ఆ చొక్కా ఆరక రెండు బల్లల మీద జ్వరం మనిషిలా పడి ఉంది, అంతలో ఫోను, మోగక ఏం చేస్తుంది, రెండు చేతులూ జిడ్డుగా ఉన్నప్పుడే మోగడం దానికి అలవాటు, మోచేత్తో నొక్కి దాని మీదకు చెవి వంచితే పడవాయనే, పిన్నీ అయిపోయిందా, అవుతోంది నాయనా, నిన్న కూడా అవుతోందనే అన్నావు, నిన్న అయ్యేది నిన్న అయింది ఇవాళ అయ్యేది ఇవాళ అవుతోంది, నీ పడవ సంగతి నువ్వు చూసుకో, పడవకేం పిన్నీ బంగారంలా ఉంది, చుక్కాని లేక ఎటు తోస్తే అటు పోతోంది మా బావమరిదిలాగ, అని వాడి నవ్వు, ఆ నవ్వు వెనకాల ఏటి హోరు, ఎల్లుండి బడులు తెరుస్తున్నారు పిన్నీ, అవతలి ఒడ్డు పిల్లలు నలభై మంది, రెండు విడతలుగా దాటించాలి, వానలకు ఏరు మంచి ఊపు మీదుంది, చుక్కాని గట్టిగా ఉంటే మిగతాది నేను చూసుకుంటా, మా మేస్త్రి చేతి పనంటే నాకు ఇంక దిగుల్లేదులే, అని పెట్టేశాడు, దిగుల్లేదట, ఎంత హాయి, తన దిగులంతా తెచ్చి ఈ బల్లల మీద దింపేసి, దిగుల్లేదంటాడు.

అసలెందుకు ఆరలేదు, గట్టిపరిచే హార్డెనర్ చుక్కలు తక్కువ పడ్డాయా, పడలేదు, పెదవి కదుపుతూ ఒక్కొక్క చుక్కే వేసింది, డబ్బా పాతదా, కాదు, మూత తీసినప్పుడు ముక్కు అదిరిపోయే కొత్త వాసనే వచ్చింది, గాలిలో చెమ్మ ఉందా, ఉంటే ఉంది, చెమ్మ ఉన్న రోజుల్లో ఎన్ని పనులు చేయలేదు, లేకపోతే నిన్న కోడలు ఫ్యాను ఇటు తిప్పిందా, తిప్పినా ఆరాలి కానీ ఆరకపోవడమేమిటి, ఎవరినో ఒకరిని తిడితే తప్ప ప్రాణం కుదుటపడేలా లేదు, తిట్టడానికి చేతికందే మనిషి ఒక్కడే ఉన్నాడు, మొగుడు, వాకిట్లో మెట్టు మీద కూర్చుని పొద్దుట్నుంచి ఉలి నూరుతున్నాడు, సర్రు సర్రు, సర్రు సర్రు, కాస్త నీళ్లు చిలకరించి మళ్లీ సర్రు సర్రు, ఒకే ఉలి, వెడల్పాటి ఉలి, చేతిలో పనేమీ లేకపోయినా, ఆ చప్పుడు గాజుపీచు నుసిలా చెవిలో దూరి దురద పెడుతోంది, ఏమయ్యా, ఆ ఉలితో గడ్డం గీసుకుంటావా ఏమిటి అని షెడ్డులోంచి అరిచింది, గడ్డానికైతే ఈ పదును ఎప్పుడో సరిపోయేది, అన్నాడు ఆయన తలెత్తకుండా, ఎప్పుడూ అంతే, అడిగిందానికి సూటిగా జవాబు చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయి.

గీత మేస్త్రి అంటారు ఆయన్ని, ఇప్పటికీ అంటారు, దారం పట్టకుండా బద్ద పెట్టకుండా కంటితోనే చెక్క మీద ఇటునుంచి అటు గీత గీసేవాడు, తర్వాత ఎవరైనా దారం పట్టి చూస్తే ఆ దారమే వంకరేమో అనుకోవాలి, అంత పొగరు కూడా ఉండేది, ఆమె పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ షెడ్డులో అన్నీ చెక్క పడవలే, ఈ గాజుపీచు, ఫైబర్ గ్లాస్ అన్న మాటే లేదు, తర్వాత ఎక్కడినుంచో ఒక మేస్త్రి వచ్చాడు ఈ పని నేర్పడానికి, వచ్చిన మొదటిరోజే షెడ్డులో మగవాళ్లంతా మెడలూ మోచేతులూ గోక్కుని గోక్కుని ఆయనకు దురద మేస్త్రి అని పేరు పెట్టేశారు, రెండోరోజుకి ఒక్కడూ రాలేదు, అన్నం క్యారేజీ తెచ్చిన ఆమె అక్కడే నిలబడి చూస్తుంటే, చూస్తావేంటమ్మా, పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని రా, చేతుల దగ్గర దారంతో బిగించి కట్టు, పని అయ్యాక చన్నీళ్లతోనే కడుక్కో, వేణ్నీళ్లయితే నుసి లోపలికి దిగుతుంది, అన్నాడు, బడిలో రెండో తరగతి దాటని తనకు అలా ఒక పెద్ద చదువు అబ్బింది, బుడగ లేకుండా బట్ట పరవడం, రోలరుతో మధ్య నుంచి అంచుకు గాలి తోసేయడం, గరుకు కాగితంతో అద్దంలా రుద్దడం, అన్నిటికంటే ముఖ్యంగా ఆయన పదిసార్లు చెప్పింది ఒకటుంది, ఈ జెల్‌కోట్‌కి గాలి పడదమ్మా, గాలి తగిలినంతసేపూ పైన బంకబంకగానే ఉంటుంది, అందుకని ఆఖరి పూతలో కాస్త మైనం కలపాలి, ఆ మైనం పైకి తేలి గాలిని అడ్డుకుంటుంది, అప్పుడు గట్టిపడుతుంది, మధ్య పూతల్లో మాత్రం వేయకు, వేస్తే పైపూత పట్టదు, మైనం వేశావంటే ఇంక ఆ పని ముగిసిందని అర్థం, అని.

మొగుడికి మాత్రం ఈ పని మొదటినుంచీ గిట్టదు, చెక్కకు ముసుగేస్తావా, దానికి ఊపిరాడొద్దూ అనేవాడు, ఊపిరాడితే పుచ్చిపోతుందయ్యా అని ఆమె, అలా ముప్ఫై ఏళ్లు, ఆయన చెక్కేవాడు ఆమె కప్పేది, కప్పినన్నిసార్లూ పోట్లాటే, చివరికి ఇద్దరికీ ఒక రాజీ కుదిరింది, కప్పితే కప్పు కానీ రంగులేని రెజినే వెయ్యి, నా అతుకు బయటికి కనిపించాలి, పడవెక్కినవాడు వంగి చూడాలి, అనేవాడు, అతుకు అంటే ఆయనకు అంత మక్కువ, రెండు పలకలు కలిపాక గుమ్మం దగ్గరకు మోసుకెళ్లి ఎండకు ఎత్తి పట్టేవాడు, అటువైపు తనని నిలబెట్టి, వెలుగొస్తోందా అని అడిగేవాడు, లేదు, సరిగ్గా చూడు, లేదయ్యా బాబూ మెడ నొప్పెడుతోంది, అనేదాకా దించేవాడు కాదు, ఒకసారి వెంట్రుకంత వెలుగు కనిపిస్తే, జాలిపడి లేదని అబద్ధం చెప్పింది, ఆయన ఆమె మొహం చూసి ఆ పలకలు విడదీశాడు, మూడురోజులు మాట్లాడలేదు, తప్పు ఆయనది, అలక తన మీద, అదేం న్యాయమో ఇప్పటికీ ఆమెకు అర్థం కాదు.

అర్థం కాదా, అవుతుంది, పోయిన వారం నుంచి బాగానే అర్థమవుతోంది, పోయిన వారం ఈ చుక్కానిని రుద్దడానికి గోడకు ఆనించి నిలబెట్టబోయింది, గుమ్మంలోంచి ఎండ పడింది, కింది పలకకూ నడిమి పలకకూ మధ్య, జానెడు పొడుగున, సన్నగా, దారంలాగా, వెలుగు, గీత మేస్త్రి అతుకులో వెలుగు, ఆమె చటుక్కున వెనక్కి తిరిగి చూసింది ఎవరైనా చూశారేమోనని, దొంగతనం చేసింది తనే అయినట్టు, ఎవరూ లేరు, గబగబా లప్పం కలిపి నొక్కింది, పైన బట్ట పరిచింది, రెజిన్ పోసింది, ఇదేమైనా కొత్తా అంటే కొత్త కాదు, రెండేళ్లుగా ఇదే, మొన్న కూర్చునే బల్ల అంచు తేడా వస్తే రుద్దేసింది, అంతకు ముందు ఒక మూత వంకర పోతే లప్పంతో సర్దేసింది, ఆయన కళ్లు మసకేశాయని ఆయన చెప్పడు, ఆమె అడగదు, కోడలు కొనిపించిన కళ్లజోడు పనిముట్ల పెట్టెలో ఉలుల కింద మొహం తిప్పుకుని పడి ఉంటుంది, కూర్చునే బల్ల వంకరైతే కూర్చున్నవాడు కాస్త వంకరగా కూర్చుంటాడు, అంతే, చుక్కాని అలా కాదు, ఏటి ఊపుకు నడిమధ్యలో అతుకు విచ్చితే ఇరవై మంది పిల్లలతో పడవ ఎటు తిరుగుతుందో పడవాయనకు కూడా తెలియదు, లప్పం గట్టిదే, బట్ట గట్టిదే, పట్టుకుంటుందిలే, అని వారం నుంచి తనకు తనే చెప్పుకుంటోంది, చెప్పుకున్నకొద్దీ అందరి మీదా కస్సుమంటోంది, కోడలి వేలి మీద, పడవాయన నవ్వు మీద, ఆఖరికి చచ్చిన ఈగ మీద.

ఇంకో మాట కూడా ఉంది, దాన్ని వారం నుంచి పక్కకు నెట్టేస్తోంది, బట్ట పరిచిన రోజు మధ్యాహ్నం ఆయన మంచినీళ్లకు షెడ్డులోకి వచ్చాడు, గ్లాసు ఎత్తి తాగి, గోడవైపు చూస్తూ, దీనికి తెల్లదే వేసెయ్, అన్నాడు, తెల్లదా అంది ఆమె, ఆఁ, తెల్లదే, అని గ్లాసు బోర్లించి వెళ్లిపోయాడు, ముప్ఫై ఏళ్లు అతుకు కనిపించాలని ప్రాణం తీసిన మనిషి ఈ ఒక్కదానికి మాత్రం తెల్లది వెయ్యమన్నాడు, ఆ రోజు అమ్మయ్య అనుకుంది, దాచే పని తేలికైందని సంబరపడింది కూడా, ఎంత తెలివితక్కువది తను.

సరే, ఇప్పుడు ఇదంతా ఎందుకు, ముందు పూత సంగతి చూడాలి, ఇంకాస్త కలిపి మైనం ఎక్కువ వేసి పైన ఇంకో చెయ్యి పూస్తే సాయంత్రానికి గట్టిపడుతుంది, వేలిముద్రా పోతుంది, రేపు పడవాయన పట్టుకుపోతాడు, అనుకుంటూ అల్మరా పై అరలోంచి మైనం సీసా తీసింది, పాతది అయిపోతే మొన్ననే కొన్నది, మూత తిప్పబోయి ఆగింది, మూత చుట్టూ బిగించిన పట్టీ తెగలేదు, ఎలా వచ్చిందో అలాగే ఉంది, అంటే నిన్న తను మైనం వేయనే లేదు, మరిచిపోయానా, ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ మరవనిది, మతి కూడా పోతోందా నాకు, ఆయనకు కళ్లు నాకు మతీనా, బాగానే ఉంది జోడీ, అని స్టూలు మీద కూలబడింది, కానీ అలా కాదే, నిన్న ఈ అల్మరా దగ్గరకు వచ్చింది, గుర్తుంది, కాళ్ల మునివేళ్ల మీద లేచింది, చెయ్యి ఈ సీసాదాకా వెళ్లింది, వేళ్లకు గాజు తగిలింది కూడా, తగిలాక చెయ్యి ఖాళీగా కిందికి దిగింది, బుర్ర ఏదో పాత మాట తలుచుకుంటోంది, వెలుగొస్తోందా, లేదు, సరిగ్గా చూడు, లేదయ్యా బాబూ, మైనం వేశావంటే ఇంక ఆ పని ముగిసిందని అర్థం, మరిచిపోవడం కాదది, పని ముగియలేదని చేతికి తెలుసు, బుర్ర ఒప్పుకోకపోతే చెయ్యి మానేసింది.

లేచింది, సీసా ఎక్కడిదక్కడ పెట్టింది, గుడ్డను పూత కరిగించే అసిటోన్‌లో తడిపి ముందు ఈగను మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది, తర్వాత కోడలి వేలిముద్రను తుడిచింది, ఆరని పూత కాబట్టి గుడ్డతో పాటే వచ్చేస్తోంది, తెల్లదనమంతా పాయలు పాయలుగా ఊడి కింద బట్ట నేత, నేత కింద టేకు చారలు, వాటి మధ్య తను నొక్కిన లప్పం గీత బూడిదరంగులో బయటపడ్డాయి, మోచేత్తో ఫోను నొక్కింది, నాయనా నాలుగురోజులు పడుతుంది, అయ్యో పిన్నీ బడులు పిన్నీ, బడులు నాలుగురోజులు ఆగితే పిల్లలు నీకు దండం పెడతారురా, పెట్టెయ్, అని తనే పెట్టేసి, గుమ్మం దగ్గరకు వెళ్లి నిలబడింది, వారం నుంచి గొంతులో అడ్డం పడి ఉన్న మాట తీరా చూస్తే ఇంతే, ఏమయ్యా, అతుకులో వెలుగొస్తోంది, రా.

సర్రుమనే చప్పుడు ఆగిపోయింది, ఎక్కడ అని ఆయన అడగలేదు, ఏ అతుకు అని అడగలేదు, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, అటువైపు పట్టు, ఎంతదాకా వస్తోందో నువ్వు చెప్పు, నాకు కనిపించి చావదు, అంటూ వచ్చాడు, ఒక చేతిలో కొయ్యసుత్తి, ఇంకో చేతిలో తళతళలాడుతున్న వెడల్పాటి ఉలి, ముక్కు మీద కళ్లజోడు, ఆ కళ్లజోడుకు ఒకవైపు అద్దం మీద నూరినప్పుడు చిందిన నీటిచుక్క ఇంకా ఆరలేదు, అప్పటికి గానీ ఆమెకు తెలియలేదు, పొద్దుట్నుంచీ ఆయన పదును పెడుతున్నది ఈ అతుకు విప్పడానికేనని, ఇన్ని గంటలుగా తన చెవిని తొలిచేసిన ఆ చప్పుడు, ఎప్పుడు పిలుస్తావే అని ఆయన అడుగుతున్న చప్పుడేనని.