జీతాల లెక్కలో లేనివాళ్లు

షట్టరుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. ముందు ఈ సంగతి తెలుసుకోండి. మిగతాదంతా దీని వెంటే వచ్చింది.

ఫుట్‌బాల్ స్టేడియంలో తూర్పు గ్యాలరీ కింద మా లాండ్రీ. కిటికీ లేని పొడవాటి గది. పైన మెట్ల మీద జనం కూర్చుంటే, వాళ్ల కాళ్ల కింద మేముంటాం. ఆటగాళ్ల జెర్సీలు, మేజోళ్లు, తువ్వాళ్లు, పెద్దమనుషుల గదుల్లో పరిచే తెల్ల బల్లగుడ్డలు, అన్నీ మా చేతుల మీదుగానే పోవాలి. మ్యాచ్ రోజున అతిథులు మా నడవాలోంచే లిఫ్టు దగ్గరికి వెళ్తారు. తడిసిన బట్టలతో, చెమటలు కారుతూ మేం వాళ్ల కంట పడకూడదని కాంట్రాక్టరు షట్టరు దింపించి తాళం వేయించేవాడు. ఆట అయ్యాక తీసేవాళ్లు. ఈలోపు ఎవరికి ఏ అవసరం వచ్చినా మూలనున్న బకెట్టే దిక్కు.

ఆ రోజు ఇస్త్రీ యంత్రానికి వెళ్లే ఆవిరి పైపు పగిలింది. యంత్రం ముందు పెద్దక్క ఉంది, మా గదిలో అందరికంటే పాతమనిషి. పైపు బుసకొడుతోందని ఆమె అంతకుముందే సూపర్‌వైజరుకు చెప్పి చెప్పి విసిగిపోయింది. మెడ నుంచి నడుము దాకా ఉడికిపోయింది. మేము షట్టరును పిడికిళ్లతో బాదాం, బల్ల విరగ్గొట్టి దాని కాళ్లతో బాదాం. సరిగ్గా అప్పుడే పైన మన జట్టు గోలు కొట్టింది. వేలమంది ఒక్కసారిగా లేచి మెట్లను తొక్కుతున్నారు. మా చప్పుడు ఎవరి చెవిన పడుతుంది?

పెద్దక్క కూతురు కూడా మాతోనే, మడతల బల్ల దగ్గర పనిచేస్తుంది. "తీస్తారమ్మా, ఇప్పుడే తీస్తారు" అంటూ తల్లి మీద చల్లనీళ్లు పోస్తూనే ఉంది. ఆ మాట తల్లికి చెప్తోందో, తనకే చెప్పుకుంటోందో తెలియలేదు.

తాళం తీసేసరికి ఆట అయిపోయింది. మనమే గెలిచాం.

మర్నాడు, పెద్దక్కను ఆసుపత్రిలో ఉంచి, నేనూ, ఆమె కూతురూ క్లబ్బు ఆఫీసుకు వెళ్లాం. మేనేజరు కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"చాలా బాధగా ఉందమ్మా. కానీ ఆవిడ క్లబ్బు మనిషి కాదు కదా. కాంట్రాక్టరును కలవండి."

కాంట్రాక్టరు కుర్చీ కూడా చూపించలేదు. "పైపు ఎవరిది? క్లబ్బుది. గది ఎవరిది? క్లబ్బుది. మధ్యలో నన్ను పీక్కుతింటారేంటి?"

ఆ కాలి నుంచి ఈ కాలికి మమ్మల్ని తన్నుకున్నారు. ఇద్దరూ ఒకే జట్టని అర్థం కావడానికి మాకు కొంత సమయం పట్టింది.

ఇక్కడ మీకు, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు, ఒక విషయం చెప్పాలి. ఒకప్పుడు మేమంతా క్లబ్బు మనుషులమే. పెద్దక్క పెళ్లికి ముందు నుంచే ఆ గదిలో ఉంది. ఇప్పటి యజమాని వచ్చాక మారింది. ఆయనకు ఓడలున్నాయి, సిమెంటు ఉంది, టీవీ ఛానెలు ఉంది. సరదాగా ఒక జట్టు కూడా కావాలనిపించింది. వచ్చిన వెంటనే ఒక స్ట్రైకర్ని కొన్నాడు. ఆ అబ్బాయి ఒక్క ఆటకు తీసుకునేది మా గది మొత్తం ఏడాది జీతానికి మించి ఉంటుంది. అయితే లీగ్‌కు ఒక నియమం ఉంది. క్లబ్బు తన ఆదాయంలో ఇంత వంతుకు మించి జీతాలివ్వకూడదు. స్ట్రైకర్ రాకతో ఆ గీత దాటింది. మరి ఎవర్ని తగ్గించాలి? స్ట్రైకర్ని తగ్గించరు, మేనేజర్ని తగ్గించరు. మమ్మల్నీ, మాలాంటి మిగతా పనివాళ్లనూ తీసుకెళ్లి కాంట్రాక్టరు చేతిలో పెట్టారు. పని అదే, గది అదే, సబ్బు అదే. మేం మాత్రం జీతాల లెక్కలోంచి మాయమై 'ఇతర సేవలు' అయిపోయాం, కరెంటులాగా, ఫినాయిలులాగా.

ఇందులో రహస్యమేమీ లేదు, పేపర్లలో వచ్చిందే. స్టేడియాన్ని యజమాని తన ఇంకో కంపెనీ పేరున కొనుక్కుని క్లబ్బుకే అద్దెకిచ్చాడు. తన డబ్బే క్లబ్బుకు అప్పిచ్చి వడ్డీ తీసుకుంటున్నాడు. అందుకే ఏడాది చివర చూస్తే క్లబ్బు ఎప్పుడూ నష్టంలోనే ఉంటుంది, ఆయన ఎప్పుడూ లాభంలోనే ఉంటాడు.

మేమంతా గడ్డి మామ షెడ్డులో కలుసుకున్నాం. మైదానంలో పచ్చిక పెంచేది ఆయనే. అసలు పేరు ఎవరూ పిలవరు, గడ్డి మామే. గడ్డి కోసే యంత్రాల మధ్య లాండ్రీవాళ్లు, ఊడ్చేవాళ్లు, జట్టు బస్సు డ్రైవరు ఇరుక్కుని కూర్చున్నారు.

"తప్పంతా ఆ ఆటగాళ్లదే" అన్నాడు గడ్డి మామ. "మూటలు మూటలు మోసుకుపోతున్నారు. నా గడ్డి మీద ఉమ్మేసి మరీ పోతారు."

"మూట ఇస్తున్నదెవడు మామా?" డ్రైవరు అడ్డుకున్నాడు. "నేను రోజూ బస్సులో చూస్తా. పోయినేడు ఆ ఎడమ వైపు కుర్రాడికి మోకాలు పోయింది. వీధిలో వదిలేశారు. వాళ్లను కొంటాడు, మనల్ని పారేస్తాడు. చెయ్యి మాత్రం ఒకటే."

"కబుర్లకేం, బాగానే ఉన్నాయి. ఇంతకీ చేసేదేంటి? పని మానేస్తే రేపు ఇంకో గుంపును దింపుతాడు. బయట జనం వరసలో ఉన్నారు" అన్నాడు మామ.

నిజమే కదా. మానేస్తే ఆకలి, మానకపోతే ఆ గది. ఎటు తిరిగినా గోడే.

పెద్దక్క కూతురు లేచింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గోల్‌కీపర్ నిన్న అమ్మను చూడ్డానికొచ్చాడు. పళ్లు తెచ్చాడు. బయటికొచ్చి నాలుగు మాటలు చెప్పయ్యా అన్నా. నోరు విప్పితే కాంట్రాక్టు పోతుందమ్మా అని తల దించుకున్నాడు. అందరికీ ఏదో ఒకటి పోతుంది. మనకు పోయేదేముంది పిన్నీ? మనం కనబడకూడదనే కదా వాళ్ల ఏడుపంతా. కనబడదాం. ఈ సీజన్ ఆఖరాట రోజు, అందరి ముందూ, మైదానం మధ్యలో."

ఆ ఆఖరాట సంగతి మా ఇంట్లో పెద్ద గొడవైంది. మా మరిది వర్క్‌షాపులో ఫిట్టరు. క్లబ్బంటే ప్రాణం. తిండి మానేసైనా టికెట్టు కొంటాడు. ఆ ఆట ఓడితే జట్టు కింది లీగ్‌కు పడిపోతుంది.

"వదినా, నీకు దండం పెడతా. మ్యాచ్ ఆపితే పాయింట్లు పోతాయి. కిందికి పడిపోతాం. ఇంకో రోజు చేసుకోండి."

"ఇంకో రోజు మమ్మల్ని చూసేదెవడయ్యా?"

"క్లబ్బు ఆయనది కాదు వదినా, మనది! మా నాన్న ఆ మెట్ల మీద కూర్చున్నాడు."

"మనదైతే పెద్దక్క కూడా మనదే కదా. మరి ఆ షట్టరు ఎవరిది?"

పళ్లెం తోసేసి లేచిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆఖరాట రోజున మేము లాండ్రీలోకి పోలేదు. గడ్డి మామ షెడ్డు నుంచి మైదానంలోకి చిన్న గేటుంది. ఆట మొదలై ఊపందుకున్నాక ఆ గేటు తీసుకుని నడిచాం. రాత్రంతా నిద్రపట్టక వద్దామా వద్దా అని కొట్టుమిట్టాడిన గడ్డి మామ అందరికంటే ముందు నడిచాడు, తన గడ్డి నలుగుతుందని జాగ్రత్తగా అడుగులేస్తూ. పెద్దమనుషుల బల్లగుడ్డ మీద 'పెద్దక్క క్లబ్బు మనిషే' అని రాసి పట్టుకున్నాం. నడి మైదానంలో కూర్చున్నాం.

జనం చప్పట్లు కొట్టారనుకుంటున్నారా? తిట్టారు. నోటితో చెప్పలేని తిట్లు. సీసాలు విసిరారు. ఒకటి గడ్డి మామ నుదుటికి తగిలి రక్తం కారింది. మైకులో మేనేజరు గొంతు వినిపించింది.

"ప్రేక్షకులు శాంతించాలి. వీళ్లు మన క్లబ్బుకు సంబంధించినవాళ్లు కారు. ఎవరో బయటివాళ్లు."

అప్పుడు తూర్పు గ్యాలరీలో ఒకడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. మా మరిది.

"అబద్ధం! ఆవిడ మా వదిన! మన జట్టు బట్టలు ఉతికేది ఆవిడే! మన కాళ్ల కిందే ఒక మనిషి ఉడికిపోయిందిరా, మనం గంతులేస్తుంటే!"

పక్కవాడు మూతి మీద గుద్దాడు. పడి, మళ్లీ లేచి, మళ్లీ అదే మాట అరిచాడు. ఆ గ్యాలరీలో అరుపులు మెల్లగా తగ్గాయి. మిగతా మూడు వైపులా తిడుతూనే ఉన్నారు.

పోలీసులు లాఠీలతో దిగారు. ఆడవాళ్లను జుట్టు పట్టుకుని ఈడ్చారు. స్ట్రైకర్ నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. గోల్‌కీపర్ చేతి తొడుగులు విప్పి, గోలు గీత మీద కూర్చున్నాడు. అంతకు మించి ఆయనేం చెయ్యలేదు. అదైనా చేశాడు.

మమ్మల్నందరినీ, ఆడా మగా అని చూడకుండా, ఒకే లాకప్‌లో కుక్కారు. కాళ్లు చాపుకోవడానికి చోటు లేదు. మర్నాడు మధ్యాహ్నానికి మా మరిది కటకటాల దగ్గరికొచ్చాడు, పెదవి చీలి ఉంది.

"పడిపోయాం వదినా" అన్నాడు. పాయింట్ల సంగతి అనుకున్నాను. ఇంకేదో చెప్పాలని కూతురి వైపు చూశాడు, చెప్పలేకపోయాడు. ఆమె అతని మొహం చూసి తెలుసుకుంది. ఏడవలేదు. గోడకు వీపు ఆనించి అలాగే కిందికి జారిపోయింది. ఆమెను పట్టుకుందామంటే అటు తిరగడానికి కూడా సందు లేదు.

కాసేపటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనకే క్లబ్బు మేనేజరు. ఈసారీ గొంతు మెత్తగానే ఉంది.

"చూడమ్మా, అమ్మ పోయింది. ఆఖరి చూపు నీకు దక్కాలి. మీరందరూ ఒక్క మాట చెప్పండి చాలు. మేము కాంట్రాక్టరు పనివాళ్లం, క్లబ్బుకూ మాకూ సంబంధం లేదు అని. కేసుండదు. ఇప్పుడే బండిలో ఇంటి దగ్గర దింపుతాం."

వాళ్లకు ఆ మాట ఎందుకు కావాలో మాకు తెలుసు. మేం క్లబ్బు మనుషులమైతే ఆ చావు కూడా క్లబ్బుదే.

నేను కూతురి చెవిలో అన్నాను. "వెళ్లవే తల్లీ. నిన్నెవరూ తప్పు పట్టరు. అమ్మను చూసుకో."

ఆమె లేచింది. ఇంతసేపూ ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే కటకటాలు పట్టుకుంది.

"ఎక్కడ పని?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"క్లబ్బులో."

"ఇంకోసారి ఆలోచించుకో."

"క్లబ్బులో పని. మా అమ్మది కూడా క్లబ్బులోనే. చచ్చిపోయేదాకా."

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. నేనూ అన్నాను, "క్లబ్బు." డ్రైవరు అన్నాడు. ఊడ్చేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అన్నారు. నుదుటికి గుడ్డ కట్టుకున్న గడ్డి మామ, "నాది కూడా అదే, స్పష్టంగా రాసుకో బాబూ" అన్నాడు. మేనేజరు మొహంలో మెత్తదనం పోయింది.

పెద్దక్కను మేం లేకుండానే తీసుకెళ్లారు. మా మరిదీ, తూర్పు గ్యాలరీ వాళ్లూ మోశారు. అందులో మా మీద సీసాలు విసిరినవాళ్లు కూడా ఉన్నారట. స్టేడియం పెద్ద గేటు ముందు పాడె దించి, క్లబ్బు మనిషిని లోపలికి తీసుకెళ్లాలి, గేటు తీయమన్నారు. లోపలున్నది టికెట్లు చించే కాంట్రాక్టు పనివాళ్లు. తీస్తే రేపటి నుంచి పనుండదు.

వాళ్లు గేటు తీశారు. తీసి, మళ్లీ లోపలికి పోకుండా జనంతో కలిసి నిలబడ్డారు.