బ్లేడు వాలిన వైపు

శనివారం వచ్చిందంటే మైదానం కాపలాదారు చేసే మొదటి పని, గడ్డి కోసే యంత్రం నుంచి స్పార్కు ప్లగ్గు ఊడదీసి జేబులో వేసుకోవడం. ప్లగ్గు తియ్యకుండా బ్లేడు మీద చెయ్యి వెయ్యకూడదన్నది ఆ పనిలో అందరూ పాటించే జాగ్రత్తే. దాన్ని జేబులో దాచుకోవడం మాత్రం ఆయన సొంత జాగ్రత్త. చీపుళ్ళ గదికి తాళం, కుళాయికి తాళం, ఆఖరికి మధ్యాహ్నం తినే డబ్బాకి కూడా బుల్లి తాళం. అందుకే ఊరంతా ఆయన్ని తాళాల మావయ్య అంటుంది. తన నీడని చూసినా ఎవడో వెంటపడుతున్నాడనుకునే రకమని చాటుగా నవ్వుకుంటారు.

ఆ రోజూ పెట్రోలు మూత పైకి ఉండేలా యంత్రాన్ని ఒరిగించి, బోల్టు విప్పి బ్లేడు బయటికి తీశాడు. ముందు చూసింది అంచు కాదు, గుర్తు. ఎవరూ మార్చెయ్యకుండా బ్లేడు నడుమున ఆకురాయితో ఆయనే గీసుకున్న గుర్తు. అది ఉన్నచోటే ఉంది.

‘ఉంది సరే, నేను గీసిందేనా? చూసి గీశారేమో’ అనుకున్నాడు.

అనుమానానికి కారణం లేకపోలేదు. కొన్ని వారాలుగా యంత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. గడ్డి తెగడం లేదు, చిరుగుతోంది. కోసిన మర్నాటికల్లా కొనలు పీచుదేలి ఎండిపోతున్నాయి. మైదానం పాత గోనెసంచీలా తయారైంది. నిన్న క్లబ్బు సెక్రటరీ వచ్చి చూసి, “మీ ఇద్దరిలో ఎవరో పని పాడుచేస్తున్నారు. ఎవరో రేపు సాయంత్రానికి మీరే చెప్పండి. ఇక్కడ ఒక్కరే ఉంటారు” అని వెళ్ళిపోయాడు.

ఆ రెండోవాడు పరాయివాడు కాదు, ఇంట్లోనే ఉంటున్న అల్లుడు. యంత్రం నడిపేది అతనే.

మావయ్య లెక్కలో దొంగలు ఇద్దరు. మంచి బ్లేడు అమ్మేసుకుని అల్లుడు రేకుముక్క బిగించి ఉండాలి. కాదంటే వారం వారం దానికి సానపట్టే వదిన మార్చేసి ఉండాలి. ఇద్దరూ కూడబలుక్కుని చేశారన్నది మూడో ఆలోచన. అదే ఆయనకి ఎక్కువ నచ్చింది.

కొత్తది కొందామని ఈమధ్య ఇనప సామాన్ల కొట్టుకీ వెళ్ళాడు. చివర్లు రెక్కల్లా పైకి లేచిన బ్లేడు కొనమన్నాడు కొట్టతను, పడుకున్న గడ్డిని గాలితో లేపి మరీ కోస్తుందట. మన నేల తడినేల, చదునుదే మేలన్నాడు అల్లుడు. ఇద్దరూ చెరోటీ చెప్పేసరికి ఇందులో ఏదో మతలబు ఉందని, రెండూ మానేసి ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

బ్లేడుని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. మొహం చూసి గుట్టు కనిపెడదామని అల్లుణ్ణీ రమ్మన్నాడు.

“నేను పట్టుకోనా మావయ్యా?”

“అక్కర్లేదు. నా చేతులింకా పడిపోలేదు.”

సానపట్టే వదిన కొట్టు ఒక్క గదే. సానరాయి, నీళ్ళ గిన్నె, గోడకి ఒక మేకు. పదును పెట్టాక బ్లేడు నడిమి కంతని ఆ మేకుకి తగిలిస్తారు. సమంగా నిలిస్తే సరే. ఒకవైపు వాలితే ఆ వైపు బరువని ఇంకాస్త అరగదీస్తారు. ఎక్కడైనా ఇంతే. ఈ కొట్టు మేకు దగ్గర మాత్రం, మనసు బరువుగా ఉన్నవాళ్ళు నిలబడితే బ్లేడు వాళ్ళవైపు వాలుతుంది. అందుకని తగిలించే ముందు వదిన ఎవరినైనా అడుగుతుంది, “మనసులో ఏమైనా ఉందా?” అని. ఉన్నవాళ్ళు వెళ్ళి బయట బల్ల మీద కూర్చుంటారు. పెళ్ళాంతో పోట్లాడొచ్చిన బస్సు డ్రైవరు కూర్చుంటాడు. అరవై ఏళ్ళ పళ్ళ డాక్టరూ కూర్చుంటాడు. వాన పడితే గొడుగు తెరిచినంత మామూలు విషయం అది.

తాళాల మావయ్య ఒక్కడే ఏనాడూ బయటికి వెళ్ళలేదు. వెళ్తే బ్లేడు మార్చెయ్యదూ? అందుకే అడిగినప్పుడల్లా “ఏమీ లేదు వదినా” అని, ఆమె ఎడమ పక్కన కళ్ళప్పగించి నిలబడేవాడు.

ఆ రోజూ అలాగే నిలబడ్డాడు. సానరాయి మీద నిప్పురవ్వలు లేచాయి.

“ఇంకా పదును పెట్టొచ్చుగా?” అన్నాడు.

“మరీ పెడితే రాయి తగలగానే అంచు మడతపడుతుంది మరిదీ. అంత పదును నీ నాలుక్కి ఉందిగా, చాలదూ?”

బ్లేడు మేకుకెక్కింది. ఎడమకి వాలింది. వదిన ఆకురాయితో అరగదీసింది. మళ్ళీ ఎడమకే వాలింది.

“ఇదేం చోద్యం, వారం వారం ఎడమరెక్కే అరగదీస్తున్నాను” అంది వదిన.

“ఇంక పలచబడితే విరిగి ఎగురుతుంది పెద్దత్తా. దాని వెనక నడిచేది నేను” అన్నాడు అల్లుడు.

వీడెందుకు అడ్డుపడుతున్నాడని మావయ్య ఇంకా బాగా చూద్దామని కుడిపక్కకి నడిచాడు. బ్లేడు నెమ్మదిగా తిరిగి కుడికి వాలింది. ఆయన ఆగాడు. ఎడమకి వచ్చాడు. అదీ ఎడమకి వచ్చింది.

వదిన ఆకురాయి కింద పెట్టింది. “మనసులో ఏమైనా ఉందా మరిదీ?”

“ఏమీ…”

బ్లేడు కొన గోడని కర్రుమని గీరింది.

ఇన్ని వారాలూ తను అరగదీసింది బాగున్న రెక్కనని వదినకి అప్పుడర్థమైంది. మావయ్యకీ అర్థమైంది. వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నాడు. వెనక అడుగుల చప్పుడైంది. అల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“నీకేముంది?” అన్నాడు మావయ్య.

“సోమవారం నుంచి వేరే ఊళ్ళో పని మాట్లాడుకున్నాను మావయ్యా. మీ అమ్మాయి పెట్టెలు సర్దుతోంది. మీకు చెప్పడానికే నోరు రాలేదు.”

“బ్లేడు అమ్మేశావని నాకు తెలిసిపోయిందనా?”

“ఏ బ్లేడు?”

మావయ్య తన అనుమానమంతా వెళ్ళగక్కాడు. వదినతో కూడబలుక్కోవడం కూడా దాచలేదు. అల్లుడు నేలకేసి చూస్తూ విన్నాడు.

“రోజూ నా సంచీ వెతికి మళ్ళీ ముడేస్తారు కదా. అది నా ముడి కాదు, మీ ముడి. విప్పలేక చస్తున్నాను. ఆ ముడికే వెళ్ళిపోతున్నాం మావయ్యా.”

లోపల సానరాయి తిరిగింది. ఈసారి అరిగింది కుడిరెక్క. కాసేపటికి వదిన కేకేసింది, “నిలిచింది.”

ఇద్దరూ తొంగిచూశారు. మేకు మీద బ్లేడు గిన్నెలో నీళ్ళంత సమంగా ఉంది. మావయ్య జేబులోంచి ప్లగ్గు తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

సాయంత్రం యంత్రం వణకలేదు. కోసిన బారు నున్నగా, పచ్చగా వెనక పరుచుకుంటూ పోయింది. సెక్రటరీ వచ్చి, “ఎవరని తేల్చారు?” అన్నాడు.

“నేనే” అన్నాడు తాళాల మావయ్య. పని వదిలేస్తూ సెక్రటరీ ముందున్న బల్ల మీద పెట్టిన తాళాల గుత్తి పెద్దగా చప్పుడు చేసింది.

ఇంట్లో కూతురు పెట్టెలోంచి ఒక్కో చీరా తీసి మళ్ళీ అలమరలో పెట్టింది.

తరవాతి శనివారం అల్లుడు బ్లేడు చంకలో పెట్టుకుని సాన కొట్టుకి వెళ్ళాడు. ఊరికే కూర్చోలేక మావయ్యా వెంట నడిచాడు. వదిన పదునుపెట్టి, మేకు దగ్గరికి వెళ్ళి, “మనసులో ఏమైనా ఉందా?” అంది.

మావయ్య కాస్త ఆలోచించాడు.

“కొంచెం ఉంది వదినా” అని, వెళ్ళి బయట బల్ల మీద గుమ్మానికి వీపుపెట్టి కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి చూశాడు.