ఒడిలో లాంతరు

“ఆ గోళ్ళేంటి వెల్డా, మెకానిక్ షెడ్డులో పుట్టావా? రేపు జాతరకి ఆ చేతులు జేబులో పెట్టుకుని రా,” అన్నాడు నా భర్త హార్లన్.

నేను వంటింటి సింకు దగ్గర గాలి కొట్టి వెలిగించే పాత పంపు లాంతరు ఇత్తడి ట్యాంకు తోముతున్నాను. మా కాన్సస్ పల్లెల్లో ఏటా కౌంటీ జాతరలో ఇలాంటి లాంతర్లకు పోటీ పెడతారు. రైతుల పాత సామాన్ల వేలాల్లో తుప్పు ముద్దను కొనుక్కురావడం హార్లన్ వంతు. వెనిగర్‌లో నానబెట్టడం, మసి గీకడం, ఎండిన పంపు తోలుకు నూనె పట్టించడం, సన్నటి గొట్టంలో సూది ఆడించడం నా వంతు. పోటీలో లాంతరు పక్కన పెట్టే కార్డు మీద మాత్రం ‘బాగుచేసినవారు: హార్లన్’. ఒకసారి నా పేరు కూడా రాయమని అడిగితే మా అత్తగారు ఓపల్ నవ్వింది. “తోమినదానికల్లా పేరేస్తే ఊరంతా నా పేరే ఉండేది పిల్లా!”

పాత సామాన్ల కొట్టు నడిపేదాన్ని. ఏ వస్తువు ఎంత పలుకుతుందో చూడగానే చెప్పగలను. నన్ను నేను మాత్రం ఎప్పుడూ చవగ్గా ఇచ్చేశాను. మొదట్లో దాన్ని ప్రేమ అనుకున్నాను, తర్వాత అలవాటు అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియక గాజు తుడుస్తూ ఉంటాను.

చివర్లో మాంటిల్ కట్టాను. ఆ చిన్న గుడ్డ సంచిని ముందే కాల్చి బూడిద చెయ్యాలి. దారం కాలిపోతుంది, ఆకారం మిగులుతుంది. వెలుగిచ్చేది ఆ బూడిదే. కాస్త కుదిపినా రాలిపోతుంది. అందుకే ఏటా జాతర దాకా కంకర రోడ్డంతా లాంతరు నా ఒడిలోనే. గుంత వస్తే దానికి కుదుపు తెలియకుండా నేనే సీటు మీంచి లేస్తాను. హార్లన్ రేడియో వింటూ బండి నడుపుతాడు. “మా ఆవిడకేం, షికారుకొచ్చినట్టు కూర్చుంటుంది,” అంటాడు స్నేహితులతో.

కాలిన మాంటిల్ కేసి చాలాసేపు చూశాను. లోపల ఏమీ లేకుండానే ఎంత కుదురుగా నిలబడిందో. భయమేసింది.

మర్నాడు ట్రక్కు ఎక్కి, లాంతరును కాళ్ళ దగ్గర కింద పెట్టాను.

“ఒళ్ళో పెట్టుకోవా?”

“చేతులు జేబులో పెట్టుకోమన్నావుగా.”

“సర్లే, అదేమైనా పసిపిల్లా,” అని బండి తీశాడు. కుదుపుకి మాంటిల్ రాలిపోతుందని అతనికి నిజంగానే తెలియదు. ఇన్నేళ్ళూ నేను ఒడిలో ఏం మోశానో నాకు అప్పుడు అర్థమైంది.

జాతర డేరాలో న్యాయనిర్ణేత ఎర్విన్ వంగి చూశాడు. “హార్లన్, మాంటిల్ ఏదయ్యా?” గాజు అడుగున చిటికెడు తెల్ల పొడి. “కంగారేం లేదు, కొత్తది కట్టు,” అని చేతికిచ్చాడు.

హార్లన్ ఎలాగో కట్టాడు. కాల్చకుండానే పంపు కొట్టి, మీట తిప్పి, అగ్గిపుల్ల పెట్టాడు. భగ్గున పసుపు మంట లేచింది. నేను తోమిన గాజు మీద మసి కమ్ముకుంది.

“ఏంటి బాబూ, ఏటా చేసేది నువ్వేగా!” ఎవరో అన్నారు. డేరా అంతా నవ్వింది. ఎర్విన్ మాత్రం నవ్వకుండా మీట తిప్పి మంట ఆర్పేశాడు.

“వెల్డా! చూస్తావేంటి, రా!” హార్లన్ అరిచాడు.

నా చేతులు జేబులోంచి రాలేదు. అంత పనీ మసైపోయింది. నష్టమే, కాదనను. కానీ మా సంసారంలో మొదటిసారి నష్టం కూడా అతని పేరు మీదే పడింది.