కనబడని లాప్‌టాప్

హర్షిత కాపురానికొచ్చి నెల కాలేదు. శ్రీకాకుళంలో కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. కొట్లో భర్త ప్రదీప్ కంప్యూటర్, పైన ఆమె లాప్‌టాప్, రెండింటికీ ఒకటే వైఫై. అయినా కొట్టు కంప్యూటర్లోని పెళ్లి ఫోటోలు పైకి తెచ్చుకుందామంటే, ఒకదానికొకటి కనబడడమే లేదు.

"నా లాప్‌టాప్‌కేటీ కాలేదత్తా. బావ డబ్బాయే పాతది," అని బీటెక్ ధీమాతో తేల్చేసింది.

"ఒరే, సదువుకున్న పిల్ల సెప్తన్నాది కదా, సరిగ్గా సూడు!" అని అత్త పార్వతీదేవి కొడుకుని కసిరింది. ప్రదీప్ బేరం వదిలేసి, వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టి, చెమటలు కక్కుతూ పైకొచ్చాడు.

"ఏటి సేసినా రాట్లేదే. ఓపాలి నీది సూద్దుమా?"

సెట్టింగ్స్ తెరవగానే హర్షిత ధీమా సడలిపోయింది. మొదటిసారి వైఫై కలిపినప్పుడు, ఇది ఇల్లా, ఆఫీసా, పబ్లిక్ స్థలమా అని లాప్‌టాప్ అడిగింది. వచ్చిన రోజు బెరుకులో, ఈ ఇల్లింకా తనది కాదన్నట్టు, తనే 'పబ్లిక్' అని నొక్కింది. అప్పట్నుంచీ అది ఎవరికీ కనబడకుండా, ఎవరినీ చూడకుండా కూర్చుంది.

"అత్తా, తప్పు నాదే. మనిల్లు బస్టాండని సెప్పాను దీనికి."

"బస్టాండా!" పార్వతీదేవి ఫక్కున నవ్వింది.

చెవులు వేడెక్కుతుండగా హర్షిత 'ఇల్లు' నొక్కింది. కాసేపటికి, తను డబ్బా అన్న కంప్యూటర్ తెరమీద కనబడింది. దానికి ప్రదీప్ పెట్టుకున్న పేరు: హర్షిత.

ఆమె తలెత్తలేకపోయింది.