ఆదివారాల కోసం ఒక ఆట

లిఫ్టు మెకానిక్కుకి కూతురితో గడపడానికి దొరికేది వారానికి ఒక్క రోజు. ఆదివారం పొద్దున్నే పిల్ల తల్లి కారులో తీసుకొచ్చి అతని ఇంటి ముందు దింపుతుంది, చీకటి పడేలోపు వచ్చి తీసుకెళ్తుంది. విడాకులప్పుడు ఇరువైపుల పెద్దలూ కూర్చుని అనుకున్న మాట అది. ఆ తర్వాత ఆమె ఒక పళ్ళ డాక్టరును పెళ్ళి చేసుకుంది. ఇతను మాత్రం బట్టల పెట్టె మోసుకుని అక్క ఇంటికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. అక్కకి భర్త పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడు వచ్చి ఉంటానంటే కాదనలేదు, ముందు గది ఖాళీ చేసి ఇచ్చింది.

పిల్లకి అతను పెట్టుకున్న ముద్దుపేరు ఉడత. చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. ఇప్పుడు ఏడో తరగతి. ఈమధ్య ఆ ఉడత బాగా నెమ్మదించింది. సినిమాకి తీసుకెళ్తే చూసేది, ఐస్‌క్రీమ్ కొనిస్తే తినేది, బడి ఎలా ఉందంటే బానే ఉందనేది. అతనూ మొదట్నుంచీ మాటలు తక్కువ మనిషి. రోజంతా లిఫ్టు గుంతల్లో, మేడల మీది మోటారు గదుల్లో ఒంటరిగా పనిచేసేవాడు ఎవరితో మాట్లాడతాడు? భార్య విసిగిపోయింది కూడా ఆ మౌనంతోనే. ఇప్పుడు కూతురికీ తనకీ మధ్య అదే మౌనం పేరుకుంటుంటే అతనికి లోపల గుబులుగా ఉండేది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర పిల్ల రెండు చేతులూ బల్లమీద పెట్టింది. కుడిచెయ్యి ఎండకి కమిలి నల్లగా ఉంది, ఎడమచెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. ఏ చర్మం జబ్బో అని అతని పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పి చూస్తుంటే పిల్ల పకపకా నవ్వింది. గోల్ఫ్ నేర్చుకుంటున్నానని, ఆ ఆటకి ఒక్క చేతికే గ్లౌజు వేసుకుంటారని చెప్పింది. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. ఏ కర్రతో కొడితే బంతి ఎంత దూరం పోతుందో, ఇసకలో పడితే ఎలా తియ్యాలో, గాలి ఎదురుగా ఉంటే ఏం చెయ్యాలో చెప్తూనే ఉంది. అతనికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఆ కళ్ళలో వెలుగు చూస్తూ, అన్నం చల్లారిపోతున్నా తలూపుతూ కూర్చున్నాడు. నేర్పిస్తున్నది అంకులని మధ్యలో ఒక్కసారి అంది. అంకుల్ అంటే పళ్ళ డాక్టరు.

ఆ డాక్టరు మీద కోపం తెచ్చుకుందామని అతను చాలాసార్లు ప్రయత్నించాడు. ఆయన కాస్త గర్విష్ఠి అయినా, పిల్లని విసుక్కునేవాడైనా ఎంత హాయిగా ఉండేదో. కానీ ఆయన మంచివాడు. అదే అతనికి మింగుడుపడేది కాదు.

ఆ వారమే పని దిగాక ఊరి చివర గోల్ఫ్ నేర్పే మైదానం వెతుక్కుంటూ వెళ్ళాడు. పొడుగాటి రేకుల పంచ, దాని కింద వరసగా పచ్చ చాపలు, ఎదురుగా వలలు కట్టిన పెద్ద బయలు. అక్కడ కొత్తవాళ్ళకి నేర్పేది ఒక పెద్దావిడ. ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మెడలో విజిల్ లేదన్నమాటే గానీ గొంతులో ఉంది. గ్రీజు మరకల యూనిఫాంలో వచ్చిన ఈ మనిషిని ఎగాదిగా చూసి, ఇంతకుముందు ఏ ఆటైనా ఆడారా అని అడిగింది. క్యారమ్స్ అన్నాడు. అదీ మేలేనంది.

ముందు టీ పెట్టుకోండి అని ఆమె అంటే అతను పొయ్యి కోసం చుట్టూ చూశాడు. పక్క చాప మీదివాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. బంతి కింద గుచ్చే చిన్న పుల్లని టీ అంటారట. పుల్ల పెట్టి, బంతి పెట్టి, బలమంతా కూడదీసుకుని కర్ర ఊపాడు. గాలి చీలిన చప్పుడైంది. బంతి మాత్రం పెట్టినచోటే తాపీగా కూర్చుని ఉంది. మళ్ళీ ఊపాడు. ఈసారి చాప అంచు లేచింది.

"అంత బిగించి పట్టుకుంటారేంటి బాబూ?" అంది డ్రిల్లు టీచరు.

"నా పనిలో పట్టు వదిలితే మనిషి కిందకి పోతాడు టీచర్."

"ఇక్కడ ఎవరూ పోరు. వేళ్ళు వదులు చెయ్యండి."

వేళ్ళు వదులు చెయ్యడం అతనికి చచ్చే చావైంది. స్పానరు పట్టి పట్టి బిగుసుకుపోయిన చేతులవి. అరచేతుల్లో కొత్తచోట్ల బొబ్బలు లేచాయి. నడుము పట్టేసింది. పనిలో మోటారు గదిలో కాస్త తీరిక దొరికితే, విరిగిన తుడుపుకర్ర ఒకటి పట్టుకుని గోడ మీద తన నీడ చూసుకుంటూ ఊపేవాడు. ఇంట్లో ఒకరోజు అలాగే ఊపితే ట్యూబులైటు భళ్ళున పగిలింది. అక్క గాజుపెంకులు ఊడుస్తూ, ఈ వయసులో ఈ రాజుగారి ఆటలు మనకెందుకురా, పిల్లని ఏ పార్కుకో తీసుకెళ్తే చాలదా అంది.

"దొరికేది వారానికి ఒక్కరోజు అక్కా. ఆ రోజు కూడా అది చెప్పేది నాకు అర్థం కాకపోతే ఎలా?"

అక్క మర్నాడు కొత్త ట్యూబులైటు తనే తెచ్చి పెట్టించింది. ఊపుకోవాలంటే పెరట్లో ఊపుకోమంది.

వానలు వెళ్ళిపోయే రోజుల్లో ఒక సాయంత్రం, ఎందుకు తగిలిందో ఎలా తగిలిందో గానీ, బంతి కర్రకి తగిలినట్టే తెలియలేదు. తల ఎత్తేసరికి అది తెల్లగా పైకి లేచి, దూరంగా వల దగ్గర మెత్తగా దిగింది. అతను నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. డ్రిల్లు టీచరు చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో ఆమెకి అసలు సంగతి చెప్పేశాడు. కూతురికి ఇంకా చెప్పలేదని, బాగా వచ్చాక ఒక ఆదివారం నిజమైన మైదానానికి తీసుకెళ్ళి ఆశ్చర్యపరుస్తానని. ఆమె వెంటనే కసురుకుంది. ఆ మాట ముందే చెప్పొద్దా, పిల్లలతో ఆడేవాడికి ఇంత దూరం కొట్టడం ఎందుకు, దగ్గర దెబ్బలు నేర్పేదాన్ని కదా, ఇద్దరూ పక్కపక్కన నడవొచ్చు కదా అంది. ఆ రోజు నుంచి దగ్గర దెబ్బలే నేర్పింది.

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. ఎక్కడికో చెప్పకుండా పిల్లని బస్సెక్కించి, ఎవరైనా ఆడుకోదగ్గ ఒక చిన్న గోల్ఫ్ మైదానం దగ్గర దించాడు. అద్దెకి తీసుకున్న కర్రల సంచి భుజానికి తగిలించుకున్న నాన్నని చూసి ఉడత అలాగే నిలబడిపోయింది.

"నాన్నా, నీకొచ్చా?"

"కొంచెం కొంచెం."

మొదటి దెబ్బకే బంతి కప్పలా గెంతుకుంటూ నాలుగడుగులు పోయి గడ్డిలో దాక్కుంది. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. తర్వాత ఆమె వంతు. ఆ చిన్న ఒళ్ళు అలా ఎలా తిరుగుతుందో, ఆ కర్ర అంత తేలిగ్గా ఎలా లేస్తుందో, బంతి ఎక్కడ పడాలనుకుంటే అక్కడే ఎలా పడుతుందో చూస్తుంటే అతనికి భుజాన సంచి బరువే తెలియలేదు. తను ఎప్పుడూ చూడని కూతురు ఈమె. వారంలో మిగతా రోజులన్నీ ఎక్కడో ఇలా పెరుగుతోందన్నమాట.

తడి గడ్డి మీద పక్కపక్కనే నడిచారు. డ్రిల్లు టీచరు మాట నిజమే. దెబ్బల కంటే నడకే ఎక్కువ. అతను తప్పు కొట్టినప్పుడల్లా పిల్ల ఇంకోటి కొట్టు నాన్నా, అది లెక్కలోకి రాదులే అనేది. పిల్ల చిన్నప్పుడు దీనితో పరుగు పందెం పెట్టి తను కావాలని ఓడిపోయేవాడు. ఇప్పుడు ఆ పని ఇది చేస్తోందని అతనికి తెలుస్తూనే ఉంది.

బంతి వెయ్యాల్సిన మూడో గుంట దగ్గర ఉడత అతని ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, బూటు పట్టుకుని పాదం ఇటు తిప్పింది.

"మోకాళ్ళు కొంచెం వంచు. బంతి మీంచి చూపు తియ్యకు. డాడీ ఎప్పుడూ అదే చెప్తాడు, చూపు..."

మాట సగంలో ఆగిపోయింది. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. బూటు మీద చెయ్యి అలాగే ఉంది. తన ముందు ఇన్నాళ్ళూ అంకుల్ అంటూ వచ్చింది. ఇంట్లో ఎంతకాలంగా డాడీ అంటోందో మరి.

అతను బంతి మీంచి చూపు తియ్యలేదు. వినపడనట్టే, మోకాళ్ళు ఇంత వంచితే చాలా అని అడిగాడు. చాలు అంది పిల్ల చిన్నగా. అతను కొట్టాడు. అది ఎటు పోయిందో ఇద్దరూ చూడలేదు.

అతను బంతి వెతికే మిష మీద పొదల్లోకి వెళ్ళి కాస్త ఆలస్యంగా వచ్చాడు. తిరిగొచ్చేసరికి పిల్ల సంచి మీద కూర్చుని గడ్డి పీకుతోంది.

"నాన్నా, నీకొకటి చెప్పాలి. అమ్మ నన్నే చెప్పమంది."

"చెప్పు తల్లీ."

పిల్లల జట్టుకి తనని ఎంపిక చేశారట. అందరికంటే చిన్నది తనేనట. కాకపోతే సాధన ఆదివారాలే, పోటీలూ ఆదివారాలే. మిగతా రోజుల్లో బడి, ట్యూషను. నెలకోసారి ఎప్పుడైనా ఖాళీ ఉంటే తప్పకుండా వస్తానంది. నువ్వు వద్దంటే మానేస్తాను నాన్నా అని కూడా అంది. అంటున్నప్పుడు గడ్డి పీకే వేళ్ళు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టి అతని వైపు చూసింది.

ఎన్ని రోజుల్నుంచి ఈ మాట మోస్తోందో అనుకున్నాడు. పొద్దున్న బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నది నిద్రతో కాదన్నమాట.

"వద్దని ఎందుకంటాను? జట్టులోకి తీసుకుంటే మానేస్తారా ఎవరైనా? వెళ్ళు."

"నిజంగానా?"

"నిజంగా."

పిల్ల ఒక్క ఉదుటున లేచి అతని నడుము చుట్టేసి, వదిలేసింది. బరువు దిగిపోయినట్టు తేలిగ్గా, ముందుకి పరిగెత్తింది. చిన్నప్పటి ఉడతే. అతను సంచి భుజానికెత్తుకుని ఆ పరుగునే చూస్తూ నడిచాడు. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి అడిగింది.

"అవునూ, నువ్వెందుకు నేర్చుకున్నావ్ నాన్నా?"

అతను పొట్ట తడుముకున్నాడు.

"డాక్టరు నడవమన్నాడమ్మా. ఊరికే నడవాలంటే విసుగు కదా."

"మంచి పని చేశావ్. మానకేం మరి," అంది పెద్దదానిలా. మనసారా నమ్మింది.

సాయంత్రం కారు వచ్చింది. ఆ రోజు డాక్టరే నడుపుకుంటూ వచ్చాడు. దిగి చెయ్యి కలిపి, పిల్ల ఆట ఎలా ఉందని అడిగాడు. చాలా బాగుందని, మీరు బాగా నేర్పారని ఇతను చెప్పాడు. ఆ మాట నోట్లోంచి తిన్నగానే వచ్చింది. కారు మలుపు తిరిగేదాకా ఉడత అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

అక్క అన్నం పెడుతూ ముఖం చూసి ఏమైందని అడిగితే, జట్టులోకి తీసుకున్నారట అని చెప్పి, కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్న అలవాటుగా లేచి, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వేసుకున్నాక ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. ఎవరి లిఫ్టైనా ఆగిపోతే బాగుండునని ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక్క ఫోనూ రాలేదు. చివరికి కాళ్ళు ఊరి చివరి మైదానానికి లాక్కెళ్ళాయి.

సెలవు రోజు కావడంతో పంచంతా జనం. తండ్రులు, పిల్లలు, నవ్వులు. డ్రిల్లు టీచరు అతన్ని చూసి, ఆదివారం వచ్చారేంటి, పిల్ల రాలేదా అంది. దానికి ఇక ఆదివారాలు కుదరవన్నాడు. చివరి చాప దగ్గరికి వెళ్ళి బంతి పెట్టుకున్నాడు. వేళ్ళు వదులుగా పట్టాడు, మోకాళ్ళు వంచాడు, చూపు దాని మీదే నిలిపాడు. బంతి ఎంతకీ ఒకచోట నిలవడం లేదు. అలుక్కుపోయి రెండుగా కనపడుతోంది. కొట్టలేదు. కర్ర మీదికి వంగి, భుజాలు అదురుతుంటే అలాగే ఉండిపోయాడు.

డ్రిల్లు టీచరు వచ్చి జనానికీ అతనికీ మధ్య అడ్డంగా నిలబడింది. అతని చేతిలోంచి కర్ర మెల్లగా తీసుకుని, కొత్తవాడికి పాఠం చెప్తున్నట్టు పైకే చెప్తూ, ఒక్కొక్క బంతే కొడుతూ పోయింది.